కళ్లు కట్టుకుని కోతికొమ్మచ్చి

ఈ ఆటలో మనిషికి కాళ్లుండవు. గుండ్రటి మొండెం, పొడుగాటి చేతులు, గొరిల్లా మొహం... ఒళ్లంటే అంతే. కదలాలంటే అరచేతులతో నేలను చరుస్తూ ఎగిరెగిరి పడాలి. చెట్టెక్కాలంటే మానును రెండు చేతుల మధ్య బిగించి పైకి పాకాలి. మీట నొక్కితే ముందుకెళ్లే వెసులుబాటు లేదు. నలుగురు పోగయ్యారంటే ఒకడు దొంగ. వాడి ఒళ్లు నిప్పుకణికలా మారిపోతుంది. వాడు ముట్టుకున్నవాడూ దొంగే. ఆఖరివాడు దొరికేదాకా అడవంతా ఉరుకులు, కేకలు, వెక్కిరింతలు. దొరకగానే మళ్లీ మొదలు.

‘గొరిల్లా ట్యాగ్’ అనే వర్చువల్ రియాలిటీ (వీఆర్) ఆట ఇది. చింతచెట్టు మీద కోతికొమ్మచ్చి ఆడి మోకాళ్లు చెక్కుకుపోయినవాళ్లకి కొత్తగా చెప్పాల్సింది ఒక్కటే, ఇక్కడ చెట్టు లేదు. కళ్లకి హెడ్‌సెట్ కట్టుకున్న పిల్లాడు సోఫాకీ టీపాయ్‌కీ మధ్య నిలబడి గాలిని చరుస్తుంటాడు. పక్కనుంచి చూసేవాళ్లకి నవ్వొస్తుంది. లోపల మాత్రం వాడితో పాటు అదే కొమ్మ మీద ఒహాయో పిల్లాడొకడు, మాంచెస్టర్ పిల్లాడొకడు వేలాడుతుంటారు. ఎవరి గొంతు ఎటునుంచి రావాలో అటునుంచే వస్తుంది. దగ్గరికొచ్చే కొద్దీ పెరుగుతుంది, దూరమైతే తగ్గుతుంది.

2021 ఫిబ్రవరిలో దీన్ని జనంలోకి వదిలింది పేరున్న స్టూడియో కాదు, కెరెస్టెల్ స్మిత్ అనే అమెరికన్. అంతకుముందు ‘ఎకో అరీనా’ అనే ఆటలో, చేతులతో గోడల్ని తోసుకుంటూ శూన్యంలో తేలే విద్యలో ఆయన ఆరితేరాడు. గొరిల్లా నడక పుట్టింది అందులోంచే. బొమ్మలు పాతికేళ్ల కిందటి వీడియోగేముల్లో లాగా మొద్దుగా ఉంటాయి. ఆట ఉచితం. అయినా 2024 నాటికి ఆదాయం 10 కోట్ల డాలర్లు దాటిందని ఆట తయారుచేసే కంపెనీ ప్రకటించింది. అంటే మన లెక్కలో 830 కోట్ల రూపాయల పైమాటే. ఆడి చూసినవాళ్లు కోటికి పైగా.

ఉచితమైన ఆటలో డబ్బెక్కడిదంటే, గొరిల్లా నెత్తిన పెట్టే టోపీలోంచి. మెడలో గుడ్డ, మొహానికి కళ్లజోడు, చేతిలో ఏదో బొమ్మ... ఇవన్నీ ‘షైనీ రాక్స్’ అనే మెరిసే రాళ్లిచ్చి కొనుక్కోవాలి. రోజూ 100 రాళ్లు ఊరికే ఇస్తారు. నచ్చిన టోపీకి అవి చాలవు, నాన్న కార్డు కావాలి. ఆ టోపీ పెట్టుకుంటే వేగం పెరగదు, బలం రాదు. పక్కవాడు చూసి ‘అబ్బ’ అంటాడు, అంతే. పిల్లలకి టోపీ పెట్టారని కూడా అనలేం, తెలిసే కొంటున్నారు.

గొరిల్లా ట్యాగ్ వచ్చిన 2021లోనే, అక్టోబరులో ఫేస్‌బుక్ కంపెనీ తన పేరును మెటాగా మార్చుకుంది. ఆఫీసు మీటింగులు, కచేరీలు, షికార్లు అన్నీ హెడ్‌సెట్‌లోనే జరిగే లోకాన్ని కడతానంది. డిసెంబరులో ‘హొరైజన్ వరల్డ్స్’ను అమెరికా, కెనడాల్లో పెద్దల కోసం తెరిచింది. 2022 ఆఖరుకి నెలకి 5 లక్షల మంది వస్తారని ఆశపడితే 2 లక్షలైనా లేరని, కంపెనీ లోపలి పత్రాలు చూసి ‘వాల్ స్ట్రీట్ జర్నల్’ రాసింది. అక్కడి బొమ్మలకీ అప్పట్లో కాళ్లు లేవు. దాని మీద లోకమంతా జోకులేసుకుంది. గొరిల్లాకి కాళ్లేవని ఏ పిల్లాడూ అడిగిన పాపాన పోలేదు.

పెద్దల కోసం కట్టిన ఊరు ఖాళీగా పడి ఉంటే, ఒకడు సరదాకి నాటిన అడవి పిల్లలతో కిటకిటలాడింది. వీఆర్ ఆటల వ్యాపారమైనా, వాటి మంచిచెడ్డలైనా ఈ అడవిలో నిలబడి చూస్తేనే తెలుస్తాయని నేననుకుంటాను. ఇక్కడ జనం కొంటున్నది అందమైన దృశ్యాన్ని కాదు. పక్కన నిజంగా ఎవరో ఉన్నారన్న నమ్మకాన్ని.

ఒంటికి అబద్ధం తెలియదు

ఆస్ట్రేలియా వాళ్లు 2016లో చేసిన ‘రిచీస్ ప్లాంక్ ఎక్స్‌పీరియన్స్’ అనే ఆట ఉంది. లిఫ్టు ఎక్కుతారు. తలుపు తెరుచుకుంటే ఎదురుగా గది ఉండదు. ఆకాశహర్మ్యం అంచు నుంచి గాల్లోకి చాచిన ఒక చెక్క పలక ఉంటుంది. దాని మీద నడవాలి. ఆటంతా అదే.

హైదరాబాద్‌లోని ఒక మాల్‌లో ఇలాంటి పలక ఆట పెట్టిన స్టాల్ ముందు కాసేపు నిలబడ్డాను. ముప్ఫై దాటిన మనిషి, పుష్టిగా ఉన్నాడు, హెడ్‌సెట్ పెట్టుకున్నాడు. భార్య ఫోన్లో వీడియో తీస్తూ, “ఏం కాదండీ, నడవండి, కింద టైల్సే” అంటోంది. కుడికాలు ముందుకు జరిపాడు కానీ మడమ పైకెత్తలేదు. పాదాన్ని నేల మీదే ఈడ్చుకుంటూ జానెడు వెళ్లి ఆగిపోయాడు. మోకాళ్లు వంగాయి, రెండు చేతులూ పక్కలకి లేచాయి. స్టాల్ కుర్రాడు వెనకనుంచి నడుం పట్టుకుంటే గానీ రెండో అడుగు పడలేదు. హెడ్‌సెట్ తీశాక అతను మొట్టమొదట చూసింది నేల వైపే. కుర్రాడు తడి టిష్యూతో లోపలి స్పాంజిని తుడిచి తర్వాతి ఆవిడకి అందించాడు.

‘కింద టైల్సే’ అన్న సంగతి అతనికి తెలియక కాదు. కళ్లు చెప్పింది కాళ్లు విన్నాయి, బుర్ర చెప్పింది వినలేదు. హెడ్‌సెట్ చేసే పని పైకి చిన్నదే. రెండు కళ్లకి కాస్త తేడాతో రెండు బొమ్మలు చూపిస్తుంది. తల తిప్పితే ఆ కదలికను పట్టుకుని, సెకనులో యాభయ్యో వంతు గడిచేలోపు దృశ్యాన్ని కూడా అటు తిప్పేస్తుంది. అంతకన్నా ఆలస్యమైతే కన్ను ఒకటి చెబుతుంది, లోపలి చెవి ఇంకొకటి చెబుతుంది, కడుపులో తిప్పుతుంది. తొలినాళ్ల హెడ్‌సెట్లు పెట్టుకుని పావుగంటకే తల పట్టుకున్నవాళ్లకి ఇదే జరిగింది. గొరిల్లా ట్యాగ్‌లో చేత్తో తోస్తేనే ఒళ్లు కదులుతుంది కాబట్టి చాలామందికి అంతగా తిప్పదు.

బార్సెలోనాలో పనిచేసిన మెల్ స్లేటర్ అనే శాస్త్రవేత్త ఈ భ్రమను 2009లో రెండుగా విడదీశాడు. నేను ఈ చోట ఉన్నాను అన్నది మొదటిది. ఇక్కడ జరుగుతున్నది నిజంగానే జరుగుతోంది అన్నది రెండోది. సినిమాలో పులి దూకితే ఉలిక్కిపడతాం. వీఆర్‌లో దూకితే పక్కకి తప్పుకుంటాం, టీవీకి చెయ్యి తగిలి పగులుతుంది. ఇది మాటవరసకి అన్నది కాదు. వీఆర్ హెడ్‌సెట్లతో ముడిపడిన గృహబీమా క్లెయిములు 2021లో 31 శాతం పెరిగాయని బ్రిటన్ బీమా సంస్థ అవీవా చెప్పింది.

దుకాణం ఎవరిది?

వీఆర్ కొత్త సరుకేమీ కాదు. ఇవాన్ సదర్లాండ్ 1968లోనే తలకి తగిలించే తెర తయారుచేశాడు. అది ఎంత బరువంటే పైకప్పు నుంచి వేలాడదీయాల్సి వచ్చింది. 1990ల్లో ఇంగ్లండులో ‘వర్చువాలిటీ’ యంత్రాలు ఆటల పార్లర్లలోకి వచ్చాయి, పోయాయి. నింటెండో అంతటి కంపెనీ 1995లో ‘వర్చువల్ బాయ్’ తెచ్చింది. నల్లటి తెర మీద ఎర్రటి బొమ్మలు తప్ప మరో రంగు లేదు. 8 లక్షలైనా అమ్ముడుపోక మరుసటి ఏడాదికే మూలకి చేరింది.

2012లో పామర్ లక్కీ అనే ఇరవయ్యేళ్లు నిండని కుర్రాడు ఓక్యులస్ రిఫ్ట్ అనే హెడ్‌సెట్ కోసం జనాన్ని రెండున్నర లక్షల డాలర్లు అడిగితే 24 లక్షలు వచ్చిపడ్డాయి. 2014లో ఓక్యులస్ కంపెనీని ఫేస్‌బుక్ 200 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించింది. ముందు చందాలిచ్చినవాళ్లు మేం బిచ్చమేస్తే మీరు అమ్ముకున్నారా అని మండిపడ్డారు. 2016లో రిఫ్ట్ ధర 599 డాలర్లు, దాన్ని నడిపేందుకు ఖరీదైన కంప్యూటర్ అదనం. అది పండగ కానుకగా ఇచ్చే వస్తువు కాదు. 2020 అక్టోబరులో 299 డాలర్లకి ఫేస్‌బుక్ వాళ్ల క్వెస్ట్ 2 హెడ్‌సెట్ వచ్చాక అయింది. తీగల్లేవు, కంప్యూటరక్కర్లేదు. కోవిడ్‌తో ఇంట్లో బందీలైన పిల్లలున్నారు. 2021 క్రిస్మస్ రోజున అమెరికాలో ఐఫోన్ యాప్‌లన్నిట్లోకీ ఓక్యులస్ యాప్ పైకెక్కి కూర్చుంది. డబ్బాలు విప్పింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

హెడ్‌సెట్‌ను చవగ్గా అమ్మడం వెనక లెక్క తెలిసిందే. లోపల జరిగే ప్రతి అమ్మకంలోనూ దుకాణదారుకి 30 శాతం వాటా. ఫోన్ల లోకంలో ఆ వాటా ఆపిల్‌కీ గూగుల్‌కీ పోతుంటే చూస్తూ కూర్చున్న మెటా అధినేత మార్క్ జుకర్‌బర్గ్, తర్వాతి దుకాణమైనా తనది కావాలని పంతం పట్టాడు. దానికోసం పోస్తున్న డబ్బు మాత్రం మామూలుగా లేదు. ఆయన వీఆర్ విభాగం ‘రియాలిటీ ల్యాబ్స్’ 2024లో ఒక్క ఏడాదిలో పోగొట్టుకున్నది 1,770 కోట్ల డాలర్లు, సుమారు లక్షన్నర కోట్ల రూపాయలు. ఆ ఆర్థిక సంవత్సరానికి తెలంగాణ బడ్జెట్ 2.91 లక్షల కోట్లు. అందులో సగం!

మంచి ఆటలు లేకనా? ‘బీట్ సేబర్’ ఉంది. ప్రేగ్ నగరంలో పుట్టి 2018లో వచ్చిన ఈ ఆటలో పాట లయకి తగ్గట్టు ఎగిరొచ్చే దిమ్మెల్ని రెండు వెలుగు కత్తులతో నరకాలి. క్వెస్ట్ మీదే 10 కోట్ల డాలర్లు దాటిన తొలి ఆటల్లో అదొకటి. 2020లో వచ్చిన ‘హాఫ్-లైఫ్: అలిక్స్’ను విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు. కానీ ఇరవై, ముప్ఫై డాలర్లు పోసి ఆట కొనే పెద్దాళ్లు పదిరోజులు ఆడి హెడ్‌సెట్‌ను అల్మారాలో పెట్టేశారు. రోజూ తీసింది వాళ్ల పిల్లలు. వాళ్లకి ఉచితమైన ఆట కావాలి, నలుగురూ ఉన్న ఆట కావాలి. కుర్రకారు పెరుగుతున్నారని, డబ్బు ఉచిత ఆటల వైపు మళ్లుతోందని 2025 ఫిబ్రవరిలో మెటాయే ఆటల తయారీదారులకి రాసింది. ఏళ్ల తరబడి కథలల్లి, దృశ్యాలు చెక్కినవాళ్లకి ఇది మింగుడుపడలేదు. వాళ్ల గోడు న్యాయమైనదే. కానీ చెట్టూ పుట్టా చూపిస్తే చాలదని, దాని వెనక దాక్కునే తోటిపిల్లాడు కావాలని వాళ్లకి ఎవరూ ముందు చెప్పలేదు.

అరుగు లేని వీధి

ఇక్కడి స్నేహాలు ఉత్తుత్తివని కొట్టిపారేసేవాళ్లు ‘వీ మెట్ ఇన్ వర్చువల్ రియాలిటీ’ చూడాలి. జో హంటింగ్ అనే దర్శకుడు కోవిడ్ కాలంలో ‘వీఆర్‌చాట్’ అనే లోకంలోనే, దాని లోపలి కెమెరాతోనే తీసిన డాక్యుమెంటరీ. 2022 సన్‌డాన్స్ ఉత్సవంలో ప్రదర్శించారు. అందులో నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది సంజ్ఞాభాష పాఠం. చెవులు వినపడనివాళ్లూ వినపడేవాళ్లూ బొమ్మల రూపాల్లో ఒకచోట చేరి వేళ్లతో మాట్లాడుకుంటారు. చేతి కంట్రోలర్లు అన్ని వేళ్ల కదలికల్నీ పట్టుకోలేవు. అందుకని కొన్ని సంజ్ఞల్ని ఆ పరికరాలకి వీలుగా మార్చుకున్నారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హంటర్ హాఫ్‌మన్ బృందం 1990ల నుంచే మరో దారిలో వెళ్లింది. కాలిన గాయాలకి కట్లు మార్చేటప్పుడు రోగి కళ్లకి ‘స్నోవరల్డ్’ అనే ఆట తగిలించి మంచుముద్దలు విసరమంటారు. ధ్యాస మంచు మీదకి పోయి నొప్పి తగ్గుతున్నట్టు వాళ్లు నమోదు చేశారు.

స్నేహాన్ని, ఊరటను ఒంటికి చేర్చే ఆ నమ్మకమే దౌర్జన్యాన్ని కూడా ఒంటికి చేరుస్తుంది. 2016లో ఒక అమెరికన్ మహిళ ‘క్వివర్’ అనే విలువిద్య ఆటలో ఉండగా మరో ఆటగాడు ఆమె బొమ్మను అసభ్యంగా తడమడం మొదలుపెట్టాడు. పారిపోతే వెంటపడ్డాడు. ఆ భయం నిజమైన భయమేనని ఆమె రాసింది. ‘హెడ్‌సెట్ తీసేస్తే పోయేదిగా’ అన్నవాళ్లకి లెక్కలేదు. పలక మీద మడమెత్తలేకపోయిన మనిషికి ఎవరూ ఆ సలహా ఇవ్వరు. ఆట చేసినవాళ్లు మాత్రం మెచ్చుకోదగ్గ పని చేశారు. రెండు చేతులూ కలిపి విడదీస్తే దగ్గరున్నవాడు కళ్లముందు నుంచి మాయమైపోయే శక్తిని ఆటగాళ్లందరికీ ఇచ్చారు. మెటాకి ఆ తెలివి రావడానికి 2022 దాకా పట్టింది. హొరైజన్‌లో ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య నాలుగడుగుల ఎడం అప్పుడు పెట్టింది.

పిల్లల దగ్గరికొస్తే విషయం ఇంకా ముదురుతుంది. గొరిల్లా ట్యాగ్‌లో ఖాళీగా ఉన్న గదిలోకి ఒంటరిగా వెళ్తే ‘డైసీ09’ అనే దెయ్యం వస్తుందని పిల్లల్లో ఒక పుకారుంది. ఇలాంటి దెయ్యాలు చాలానే ఉన్నాయి. గడుసు పిల్లలు ఆ పేర్లే పెట్టుకొచ్చి చిన్నవాళ్లని హడలగొడతారు. ఇదంతా నాకు ముద్దుగానే అనిపిస్తుంది. పాడుబడ్డ బావి చుట్టూ మనమూ చెప్పుకున్నాం. అయితే మనం ఆడుకున్న వీధిలో అరుగు మీద ఎవరో ఒక ముసలమ్మ ఉండేది. కొత్తమొహం కనిపిస్తే ‘ఎవరి తాలూకు నాయనా?’ అని ఆరాతీసేది. ఈ అడవిలో ఆవిడ లేదు. ఎనిమిదేళ్ల గొరిల్లా, ముప్ఫై ఎనిమిదేళ్ల గొరిల్లా ఒకేలా ఉంటారు. గొంతు తప్ప ఆనవాలు లేదు.

2022లో బీబీసీ పాత్రికేయురాలు పదమూడేళ్ల అమ్మాయిగా వీఆర్‌చాట్‌లోకి వెళ్తే పెద్దవాళ్ల క్లబ్బుల్లాంటి గదుల్లోకి అడ్డూఅదుపూ లేకుండా వెళ్లగలిగింది. క్వెస్ట్‌కి మొదట వయసు హద్దు 13. అప్పటికే అంతకన్నా చిన్నవాళ్లు గుంపులుగా ఆడుతున్నారు. 2023లో తల్లిదండ్రుల అదుపులో ఉండే ఖాతాలతో దాన్ని పదేళ్లకి దించారు. పిల్లలకి జరుగుతున్న కీడును బయటపెట్టే పరిశోధనను కంపెనీ తొక్కిపెట్టిందని, మెటాలో పరిశోధకులుగా పనిచేసిన ఇద్దరు 2025 సెప్టెంబరులో అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు చెప్పారు. మెటా కాదంది.

ఇంకోటి కూడా ఉంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఇలాంటి ఒక్కో ఆటస్థలానికీ యజమాని ఒక్కడే. స్మిత్‌కి కదలడం నేర్పిన ఆ ‘ఎకో’ ఆటను మెటా కొనుక్కుని 2023 ఆగస్టు 1న మూసేసింది. పోటీలు, జట్లు, ఏళ్ల స్నేహాలు ఉన్న చోటది. అదే ఏడాది మార్చిలో మైక్రోసాఫ్ట్ ‘ఆల్ట్‌స్పేస్’కి తాళం వేసింది. మున్సిపాలిటీ పార్కును తీసేస్తే ధర్నా చేయొచ్చు. ఇక్కడ ఏ గేటు ముందు కూర్చుంటాం?

చెయ్యి విసురే వేలిముద్ర

2023లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వివేక్ నాయర్, సహచరులు బీట్ సేబర్ ఆడే 55 వేలమందికి పైగా కదలికల రికార్డులు తీసుకున్నారు. తల, రెండు చేతులు ఎటు కదిలాయన్నది తప్ప పేరు, ముఖం, గొంతు ఏవీ లేవు. ఒక్కొక్కరి కదలికలు కంప్యూటరుకి నేర్పాక, కొత్తగా 100 సెకన్ల ఆట చూపిస్తే అది ఎవరో 94 శాతం పైగా సరిగ్గా చెప్పేసింది. మనం కత్తి దూసే తీరు, మెడ వాల్చే తీరు మన వేలిముద్ర లాంటివన్న మాట. అంతకుముందు 2020లో స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బెయిలెన్సన్ బృందం 511 మందితో ఇలాంటిదే చేసి 95 శాతం గుర్తుపట్టింది.

ఫోన్‌కి మనం ఏం నొక్కామో తెలుసు. హెడ్‌సెట్‌కి మనం దేనికి ఉలిక్కిపడ్డామో, ఎవరు దగ్గరికొస్తే వెనక్కి తగ్గామో, చెయ్యి ఎప్పుడు వణికిందో తెలుస్తుంది. ఆ సమాచారం లేకుండా ఆట నడవదు, కదలిక పట్టుకోకపోతే చెట్టెక్కలేం. కాబట్టి ‘ఇవ్వను’ అనే మీట ఇక్కడ పెట్టడానికి వీల్లేదు. ఎంతకాలం దాచుకుంటారు, దేనికి వాడతారన్నదే అడగగలిగింది. ఆటకి బానిసలైపోతారేమో అన్న భయం మన ఇళ్లలో ఎక్కువ వినిపిస్తుంది. నా మట్టుకు నాకు దానికన్నా ఈ ప్రశ్నే పెద్దది. చెమటపట్టే ఆట, చేతులు నొప్పిపుడితే పిల్లలే దించేస్తారు. కదలికల చిట్టా అలా దిగదు.

తెలుగువాళ్లకి వీఆర్ మొదట పరిచయమైంది ఆటగా కాదు, సినిమాగా. ‘బాహుబలి’ కోసం రాజమౌళి, ఆర్కా మీడియా అమెరికన్ చిప్‌ల కంపెనీ ఏఎండీతో చేతులు కలిపి 2017లో ‘ది స్వోర్డ్ ఆఫ్ బాహుబలి’ చేశారు. ఏఎండీ గ్రాఫిక్స్ విభాగాన్ని అప్పుడు నడిపింది మన తెలుగువాడు రాజా కోడూరి. మాహిష్మతిలో నిలబడి చుట్టూ చూడొచ్చన్నది ఆ రోజుల్లో అబ్బురం. కానీ అక్కడ చూడ్డమే తప్ప ఆడ్డానికి తోడు లేదు. ఒకసారి చూశాక రెండోసారి హెడ్‌సెట్ అడిగినవాళ్లు నాకు తారసపడలేదు. ఇప్పుడు మాల్‌లో, ఎగ్జిబిషన్లో పదినిమిషాల రోలర్ కోస్టర్ ఆడించే స్టాళ్లదీ అదే బాధ. కేక పెట్టి దిగిపోతారు.

సొంత హెడ్‌సెట్లు మన ఇళ్లకి ఎక్కువగా వచ్చే దారి డాలస్ నుంచో, న్యూజెర్సీ నుంచో దిగే చుట్టాల సూట్‌కేసు. వాటితో ఆడే పిల్లల సంగతి మన చట్టం పట్టించుకోకపోలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందర్నీ పిల్లలే అంటుంది. తల్లిదండ్రుల అనుమతిని రూఢి చేసుకోకుండా వాళ్ల సమాచారం ముట్టుకోవద్దని, వాళ్ల ప్రవర్తనను వెంటాడి గమనించొద్దని చెబుతుంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీలు సర్దుకోవడానికి 18 నెలల గడువిచ్చారు. కాగితం మీద ఇది అమెరికా చట్టం కన్నా గట్టిది. అక్కడ పదమూడేళ్లు నిండితే చాలు.

మియాపూర్‌లో తెలిసినవాళ్లింట్లో ఆరో తరగతి పిల్లాడు నాకు గొరిల్లా నడక నేర్పాడు. “అంత గట్టిగా కొట్టొద్దంకుల్, మెల్లగా తొయ్యాలి” అని రెండుసార్లు విసుక్కున్నాడు కూడా. అకౌంట్ ఎవరిదిరా అని అడిగాను.

“బాబాయిదే. మొన్న వచ్చినప్పుడు ఇచ్చేసి వెళ్లాడు. నా డేట్ ఆఫ్ బర్త్ పెడితే అమ్మ ప్రతిదానికీ ఓకే కొట్టాలంట.”

సర్వర్ లెక్కల్లో మియాపూర్ ఫ్లాట్‌లో సోఫా మీదకెక్కి చేతులాడిస్తున్నది నలభై రెండేళ్ల న్యూజెర్సీ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు.